ఉచిత పబ్లిక్ వైఫైతో మొబైల్ డేటా ఖర్చు తగ్గించుకోవడం: ఎవరికి ఏ మార్గం నప్పుతుంది?

మొబైల్ డేటా నెల తిరగకముందే అయిపోతున్నప్పుడు చాలామంది ముందున్న దారులు రెండే అనిపిస్తాయి: పెద్ద ప్లాన్‌కు మారడం, లేదా బయట ఎక్కడ ఉచిత వైఫై దొరికితే అక్కడ కనెక్ట్ అవడం. నిజానికి ‘ఉచిత వైఫై’ అనే ఒకే పేరు కింద తీరులోనూ, భద్రతలోనూ, మన నుంచి అడిగేదానిలోనూ తేడా ఉన్న నాలుగు రకాల ఏర్పాట్లు ఉన్నాయి. వాటి పక్కన ఫోన్ సెట్టింగ్స్‌ను సరిచేసుకుని సొంత వైఫై మీద ఆధారపడడం, పెద్ద ప్లాన్ తీసుకోవడం అనే మార్గాలను కూడా పెట్టి చూస్తేనే పోలిక పూర్తవుతుంది. ఈ ఆరింటిలో ఏది ఎవరికి పనికొస్తుందో తేల్చడానికి ముందు ఒక చిన్న లెక్క చూసుకోవాలి.

ముందు మీ డేటా ఎక్కడికి పోతోందో చూడండి

ఆండ్రాయిడ్ ఫోన్‌లోనైనా ఐఫోన్‌లోనైనా, ఏ యాప్ ఎంత మొబైల్ డేటా వాడిందో సెట్టింగ్స్‌లోనే కనిపిస్తుంది. ఐఫోన్‌లో మాత్రం ఈ లెక్కను మనమే రీసెట్ చేస్తూ ఉండాలి. లేకపోతే ఎప్పటినుంచో పేరుకున్న మొత్తం కనిపించి తప్పుదారి పట్టిస్తుంది. ఆ జాబితాలో పైన ఉన్న నాలుగైదు యాప్‌లను చూసి, వాటి డేటాను మూడు రకాలుగా విడదీయండి.

మొదటిది ముందే దించుకోగలిగిన డేటా: సినిమాలు, పాటలు, పాఠాల వీడియోలు, మ్యాప్‌లు. రెండవది అప్పటికప్పుడు కావలసిన డేటా: సందేశాలు, కాల్స్, దారి చూపడం, చెల్లింపులు, వేలితో తోస్తూ చూసే పొట్టి వీడియోలు. మూడవది మనకు తెలియకుండా వెనుక నడిచే డేటా: యాప్ అప్‌డేట్‌లు, ఫోటోల బ్యాకప్, వాట్సాప్ గ్రూపుల్లో తమంతట తాము దిగిపోయే వీడియోలు.

పబ్లిక్ వైఫై బాగా ఆదా చేసేది మొదటి రకాన్నే. మూడవ రకానికి మందు ఫోన్ సెట్టింగ్స్‌లో ఉంది, దానికోసం ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు. రెండవ రకం రోజంతా, ఊరంతా చెదిరి ఉంటుంది కాబట్టి దాన్ని ఏ హాట్‌స్పాట్ దగ్గరికీ తీసుకెళ్లలేము. దానికి ప్లాన్ ఉండాల్సిందే. ఈ విభజన చేసుకోకుండా వైఫై వెంట తిరిగేవారికి శ్రమ మిగులుతుంది గాని డేటా పెద్దగా మిగలదు.

పరిమాణాల తేడా కూడా గుర్తుంచుకోవాలి. 96 కేబీ‌పీఎస్ (సెకనుకు కిలోబిట్లు) నాణ్యతలో పాటలు వింటే గంటకు సుమారు 43 ఎంబీ, 320 కేబీపీఎస్‌లో వింటే 144 ఎంబీ ఖర్చవుతాయి. వీడియో 1 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్) వేగంతో వస్తుంటే గంటకు 450 ఎంబీ, 5 ఎంబీపీఎస్‌తో వస్తుంటే 2.25 జీబీ. నెట్‌ఫ్లిక్స్ తాను ఇచ్చే లెక్కలోనే తక్కువ నాణ్యతకు గంటకు 0.3 జీబీ వరకు, హెచ్‌డీకి 3 జీబీ వరకు అని ఉంటుంది. అంటే ఒక్క సెట్టింగ్ మార్పుతో పదింతల తేడా. వచన సందేశాలు, ఈమెయిల్ మాత్రం ఈ లెక్కల ముందు దాదాపు కనిపించవు. వాటి కోసం వైఫై వెతుక్కుంటూ వెళ్లడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే.

ఏ కొలమానాలతో పోల్చాలి

వేగం ఒక్కటే చూసి వైఫైని ఎంచుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. వేగం ముఖ్యమే, 2 జీబీ ఉన్న సినిమా 20 ఎంబీపీఎస్ లైన్ మీద సుమారు 13 నిమిషాల్లో దిగుతుంది, 5 ఎంబీపీఎస్ మీద 53 నిమిషాలు పడుతుంది. అయితే పబ్లిక్ వైఫైలో ఆ వేగం అందరి మధ్య పంచబడుతుంది కాబట్టి, ఉదయం కనిపించిన వేగం సాయంత్రం రద్దీలో కనిపించదు. అందువల్ల వేగం కంటే ముందు అడగాల్సిన ప్రశ్న, అక్కడ మీరు ఎలాగూ ఎంతసేపు కూర్చుంటారు అన్నది. వేరే పని మీద గంటసేపు ఉండే చోట నెమ్మది వైఫై కూడా లాభమే. వైఫై కోసమే ప్రత్యేకంగా వెళ్లి కూర్చోవాల్సిన చోట వేగమైనది కూడా నష్టం కావచ్చు.

రెండవ కొలమానం నిలకడ. కనెక్షన్ ఎన్ని నిమిషాలకు తెగిపోతుంది, రోజుకు ఎంత డేటా ఇస్తుంది, మళ్లీ లాగిన్ అవ్వాలా అన్నవి ఇందులోకి వస్తాయి. ఇక్కడ చాలామంది గమనించని ఒక ఖర్చు దాగి ఉంది. ఐఫోన్‌లో 2015 నుంచి ‘వైఫై అసిస్ట్’ అనే సదుపాయం ఉంది. వైఫై బలహీనంగా ఉంటే ఫోన్ చడీచప్పుడు లేకుండా మొబైల్ డేటాను వాడుకుంటుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో కూడా ఇలాంటి ఏర్పాటే వేరే పేర్లతో ఉంటుంది. నెట్ తెగకుండా ఉండాలనుకునేవారికి ఇది మేలు, కాని డేటా ఆదా చేయడానికే వైఫైకి వచ్చినవారికి ఇది చిల్లు. పెద్ద డౌన్‌లోడ్ మొదలుపెట్టే ముందు ఈ సదుపాయాన్ని ఆపడం, లేదా మొబైల్ డేటానే కాసేపు ఆపివేయడం మంచిది.

మూడవది భద్రత, నాలుగవది మీరు బదులుగా ఇచ్చేది: ఫోన్ నంబరు, ఈమెయిల్, ప్రకటనలు చూసే సమయం, కొన్నిచోట్ల ఏదైనా కొనాలన్న మొహమాటం. ఐదవదిగా బ్యాటరీని కూడా లెక్కలో వేయాలి. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న చోట గంటసేపు డౌన్‌లోడ్ పెట్టిన ఫోన్, ఛార్జింగ్ దొరకని ప్రయాణంలో ఇబ్బంది పెడుతుంది.

భద్రత గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ విషయంలో ప్రచారంలో ఉన్న భయాలు కొన్ని పాతబడ్డాయి, ఉండాల్సిన భయాలు కొన్ని లేవు. 2010లో ‘ఫైర్‌షీప్’ అనే బ్రౌజర్ జోడింపు వచ్చినప్పుడు, పాస్‌వర్డ్ లేని ఒకే తెరిచిన వైఫై మీద ఉన్న పక్కవారి సోషల్ మీడియా ఖాతాల్లోకి ఎవరైనా ఒక్క క్లిక్‌తో చొరబడగలిగేవారు. అప్పట్లో చాలా సైట్లు లాగిన్ పేజీని మాత్రమే గుప్తీకరించి (ఇతరులు చదవలేని సంకేతాలుగా మార్చి), తరువాతి పేజీలను వదిలేయడమే దానికి కారణం. ఆ తరువాత ప్రధాన సైట్లన్నీ పూర్తిగా, సైటుకూ ఫోన్‌కూ మధ్య నడిచే డేటాను గుప్తీకరించే హెచ్‌టీటీపీఎస్‌కు మారాయి, 2016లో వాట్సాప్ సందేశాలకు, పంపినవారు, అందుకున్నవారు తప్ప మరెవరూ చదవలేని ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ వచ్చింది, 2018 నుంచి క్రోమ్ బ్రౌజర్ గుప్తీకరణ లేని ప్రతి సైటునూ ‘సురక్షితం కాదు’ అని చూపిస్తోంది. కాబట్టి ఇప్పుడు తెరిచిన వైఫై మీద గూఢచర్యం చేసేవారికి మీరు ఏ సైటుకు వెళ్లారో సాధారణంగా తెలిసిపోవచ్చు గాని, అక్కడ ఏం చదివారో, ఏ పాస్‌వర్డ్ ఇచ్చారో తెలియదు.

ఇప్పుడు మిగిలిన అసలు ప్రమాదం మోసపూరితమైన పేర్లు, పేజీలు. వైఫై పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు; విమానాశ్రయం పేరుతో కనిపించే నెట్‌వర్క్ పక్క కుర్చీలో కూర్చున్నవారి బ్యాగులోంచి వస్తూ ఉండవచ్చు. అలాంటి చోట తెరుచుకునే లాగిన్ పేజీ మీ ఈమెయిల్ పాస్‌వర్డ్‌నో, కార్డు వివరాలనో అడిగితే ఏ గుప్తీకరణా మిమ్మల్ని కాపాడదు, ఎందుకంటే వాటిని మీరే చేతికిస్తున్నారు.

ఒక్క చూపులో పోలిక

| మార్గం | ఎంత ఆదా | నిలకడ | భద్రత | బదులుగా ఇచ్చేది |
|---|---|---|---|---|
| పాస్‌వర్డ్ లేని తెరిచిన వైఫై | మధ్యస్థం | తక్కువ | బలహీనం | ఏమీ లేదు |
| లాగిన్ పేజీ లేదా ఓటీపీ ఉన్న వైఫై | మధ్యస్థం, సమయ పరిమితితో | తక్కువ నుంచి మధ్యస్థం | చాలావరకు తెరిచిన వైఫై లాంటిదే | ఫోన్ నంబరు, ఈమెయిల్, ప్రకటనలు |
| అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఉన్న వైఫై | ఎక్కువ | మధ్యస్థం | కొంత మెరుగు | ఆ చోట కూర్చునే సమయం |
| సభ్యత్వ, రోమింగ్ వైఫై | ఎక్కువ | ఎక్కువ | అన్నింటిలో మెరుగు | అర్హత, ఒకసారి చేసే అమరిక |
| సెట్టింగ్స్ సవరణ, సొంత వైఫైలో డౌన్‌లోడ్ | చాలా ఎక్కువ | పూర్తిగా మీ చేతిలో | మెరుగు | ముందుచూపు |
| పెద్ద డేటా ప్లాన్ | ఆదా లేదు | అత్యధికం | మెరుగు | డబ్బు |

పాస్‌వర్డ్ లేని తెరిచిన వైఫై

దీని గొప్పదనమంతా అడ్డంకి లేకపోవడంలోనే ఉంది. పేరు మీద నొక్కగానే నెట్ వస్తుంది. అయితే మీ ఫోన్‌కూ రౌటర్‌కూ మధ్య గాలిలో నడిచే సంకేతాలకు ఏ తాళమూ ఉండదు. పైన చెప్పిన హెచ్‌టీటీపీఎస్ ఒక్కటే మీకు రక్ష. 2018లో వైఫై ప్రమాణాలను ధ్రువీకరించే సంస్థ వైఫై అలయన్స్ ‘ఎన్‌హాన్స్‌డ్ ఓపెన్’ అనే పద్ధతిని తెచ్చింది. ఇందులో పాస్‌వర్డ్ అడగకుండానే ఒక్కొక్క ఫోన్‌కు విడి గుప్తీకరణ జరుగుతుంది, కాని రౌటర్, ఫోన్ రెండూ దాన్ని సమర్థించాలి.

ఇంకొక చిక్కు ఏమిటంటే, ఒకసారి కలిసిన తెరిచిన నెట్‌వర్క్ పేరును ఫోన్ గుర్తుపెట్టుకుని, అదే పేరు ఎక్కడ కనిపించినా తనంతట తాను కలిసిపోతుంది. పని అయ్యాక ఆ నెట్‌వర్క్‌ను ‘ఫర్గెట్’ చేయడం, లేదా దానికి ఆటో కనెక్ట్ ఆపివేయడం అలవాటు చేసుకోవాలి. ఆడియో పాఠాలు, మ్యాప్‌లు, యాప్ అప్‌డేట్‌లు దించుకోవడానికి ఈ రకం సరిపోతుంది. బ్యాంకు పనికి మొబైల్ డేటాకు మారండి. దానికయ్యే డేటా కొద్దిపాటిదే కాబట్టి ఇక్కడ ఆదా కోసం వెంపర్లాడడంలో అర్థం లేదు.

లాగిన్ పేజీ లేదా ఓటీపీ ఉన్న వైఫై

రైల్వే స్టేషన్లు, విమానాశ్రయాలు, ఆసుపత్రులు, పెద్ద దుకాణ సముదాయాల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. ఫోన్ నంబరు ఇచ్చి, ఓటీపీ కొట్టి లోపలికి వెళ్లాం కాబట్టి ఇది భద్రమైనదని చాలామంది అనుకుంటారు. ఆ ఓటీపీ ఉద్దేశం మీరెవరో నిర్వాహకులకు తెలియడమే. అది మీ డేటాకు తాళం వేయదు. ఇలాంటి నెట్‌వర్క్‌లలో చాలావాటికి గాలిలో గుప్తీకరణ అసలు ఉండదు. భద్రతలో తెరిచిన వైఫైకీ దీనికీ తేడా తక్కువ, మీ వివరాలు ఇవ్వాల్సి రావడంలో మాత్రం తేడా ఎక్కువ.

సమయ పరిమితి దీని రెండవ లక్షణం. అరగంట ఇచ్చే చోట గంట పట్టే డౌన్‌లోడ్ మొదలుపెడితే, కనెక్షన్ తెగిన క్షణంలో మిగతాది మొబైల్ డేటా మీద కొనసాగే ప్రమాదం ఉంది. వీడియో యాప్‌లలో ‘వైఫైలో మాత్రమే డౌన్‌లోడ్’ అనే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని ముందే పెట్టుకోవాలి. పెద్ద సినిమా ఒకటి కాకుండా చిన్న భాగాలుగా ఉన్న ధారావాహికను ఎంచుకుంటే, తెగినా పూర్తయిన భాగాలు చేతిలో ఉంటాయి.

లాగిన్ పేజీ తెరుచుకోకపోవడం ఇక్కడ తరచుగా ఎదురయ్యే ఇబ్బంది. ఎప్పుడూ నడిచే వీపీఎన్ (మీ రాకపోకలను గుప్తీకరించి మరో సర్వర్ గుండా పంపే సేవ) గాని, ఆండ్రాయిడ్‌లో సైట్ల పేర్లను చిరునామాలుగా మార్చే పనికి ఒక నిర్దిష్ట సర్వర్ పేరుతో పెట్టుకున్న ‘ప్రైవేట్ డీఎన్ఎస్’ గాని దానికి కారణం కావచ్చు. వాటిని ఆపి, పేజీ వచ్చి లాగిన్ పూర్తయ్యాక మళ్లీ మొదలుపెట్టాలి. ఈ పేజీల్లో రోజువారీ ఈమెయిల్‌కు బదులు ఇలాంటి అవసరాలకే ఉంచుకున్న మరొక ఈమెయిల్ ఇవ్వడం నయం. సోషల్ మీడియా ఖాతాతో లాగిన్ కమ్మని అడిగితే వేరే దారి ఉందేమో చూడండి; లేకపోతే ఆ వైఫైని వదులుకోవడమే నా సలహా.

నిర్వాహకులు మీ ఫోన్‌ను దాని హార్డ్‌వేర్ సంఖ్య ద్వారా రోజూ గుర్తుపట్టే వీలు ఒకప్పుడు పూర్తిగా ఉండేది. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కొక్క నెట్‌వర్క్‌కు వేర్వేరు మారు సంఖ్యను చూపిస్తున్నాయి. ఇది మేలే గాని, నంబరు ఇచ్చి లాగిన్ అయ్యాక మీరెవరో వారికి ఎలాగూ తెలుస్తుందన్నది మరువరాదు.

అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఉన్న వైఫై

గ్రంథాలయాలు, కాఫీ దుకాణాలు, బస చేసే చోట్ల బల్ల మీదనో గోడ మీదనో పాస్‌వర్డ్ రాసి పెడతారు. గాలిలో గుప్తీకరణ ఉంటుంది కాబట్టి దారిన పోయేవారు వినలేరు. వైఫై గుప్తీకరణకు వాడే పాత డబ్ల్యూపీఏ2 పద్ధతిలో మాత్రం ఒక లోపం ఉంది: అదే పాస్‌వర్డ్ తెలిసినవారు, మీ ఫోన్ కనెక్ట్ అయ్యే క్షణంలోని సంకేతాలను పట్టుకోగలిగితే, మీ డేటాను విప్పగలరు. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 ఈ లోపాన్ని సరిదిద్దింది. గోడ మీద ఉన్న పాస్‌వర్డ్ తెలిసినవారు అదే పేరుతో, అదే పాస్‌వర్డ్‌తో నకిలీ నెట్‌వర్క్ పెట్టడానికి కూడా వీలుంటుంది కాబట్టి, రెండు నెట్‌వర్క్‌లు ఒకే పేరుతో అనుమానాస్పదంగా కనిపిస్తే అక్కడివారిని అడగడం మంచిది.

ఆదా పరంగా చూస్తే ఉచిత వైఫై రకాల్లో సామాన్య పాఠకుడికి బాగా గిట్టుబాటయ్యేది ఇదే, అందులోనూ గ్రంథాలయం. కూర్చునే చోటు ఉంటుంది, ఏదీ కొననక్కర్లేదు, తరచుగా ఛార్జింగ్ కూడా దొరుకుతుంది. కాఫీ దుకాణంలో లెక్క వేరు. అక్కడికి ఎలాగూ వెళ్లేవారికి వైఫై ఉచితమే. వైఫై కోసమే వెళ్లి ఏదో ఒకటి కొనేవారు ఆ ఖర్చును అంతే డేటా టాప్ అప్ ధరతో పోల్చి చూసుకోవాలి. చాలాసార్లు టాప్ అప్పే చవకని తేలుతుంది.

సభ్యత్వ, రోమింగ్ వైఫై

తెలిసినవారు తక్కువ, తెలిస్తే బాగా ఉపయోగపడే రకం ఇది. విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థల వారికోసం 2003లో యూరప్‌లో మొదలైన ‘ఎడ్యురోమ్’ ఇప్పుడు 100కి పైగా దేశాల్లో ఉంది. మీ విద్యాసంస్థ ఇచ్చిన ఖాతాతో ఒకసారి ఫోన్‌లో అమర్చుకుంటే, సభ్య సంస్థల ప్రాంగణాలు ఎక్కడున్నా ఫోన్ తనంతట తానే కలుస్తుంది, లాగిన్ పేజీ ఉండదు. ఎవరి గుప్తీకరణ వారిదే, పాస్‌వర్డ్ సరిచూసేది మీ సొంత సంస్థ సర్వరే. ఇదే ఆలోచనను విద్యారంగానికి బయట విస్తరించే ‘ఓపెన్‌రోమింగ్’ 2020 నుంచి వైర్‌లెస్ బ్రాడ్‌బ్యాండ్ అలయన్స్ ఆధ్వర్యంలో నడుస్తోంది. కొన్ని టెలికాం సంస్థలు కూడా తమ చందాదారులకు సిమ్ ఆధారంగానే కలిసే వైఫైని ఇస్తాయి. మీ ప్లాన్ వివరాల్లో ఆ సౌకర్యం ఉందేమో చూడడం వృథా కాదు.

ఒక్క జాగ్రత్త: ఎడ్యురోమ్ అమర్చేటప్పుడు సర్టిఫికెట్ (అవతలి సర్వర్ అసలైనదేనని చూపే డిజిటల్ పత్రం) సరిచూసే దశను దాటవేయకూడదు. దాటవేస్తే, ఆ పేరుతో పెట్టిన నకిలీ నెట్‌వర్క్‌కు ఫోన్ మీ ఖాతా వివరాలు అందించే ప్రమాదం ఉంటుంది. సంస్థ ఇచ్చే అమరిక యాప్ వాడితే ఆ పని సరిగ్గా జరుగుతుంది.

సెట్టింగ్స్ సవరణ, సొంత వైఫైలో డౌన్‌లోడ్

ఇంట్లోగాని, పనిచేసే చోటగాని అనుమతి ఉన్న వైఫై రోజుకు ఒక గంటైనా అందుబాటులో ఉన్నవారికి పై నాలుగింటి కంటే ఇదే ఎక్కువ మిగులుస్తుందని నా అభిప్రాయం. వాట్సాప్‌లో మొబైల్ డేటా మీద మీడియా ఆటో డౌన్‌లోడ్ ఆపడం, యాప్ స్టోర్ అప్‌డేట్‌లను, ఫోటోల బ్యాకప్‌ను వైఫైకే పరిమితం చేయడం, వీడియోలు తమంతట తాము ఆడకుండా ఆపడం, మొబైల్ డేటా మీద వీడియో నాణ్యతను తగ్గించడం అనే ఈ పనులకు పట్టేది కాసేపే, ఫలితం ప్రతి నెలా వస్తుంది. ఆండ్రాయిడ్ 7 నుంచి ‘డేటా సేవర్’, ఐఓఎస్ 13 నుంచి ‘లో డేటా మోడ్’ వెనుక నడిచే వాడకాన్ని ఒకేసారి అదుపు చేస్తాయి. డేటా సేవర్‌లో మీకు అత్యవసరమైన యాప్‌లకు మినహాయింపు ఇవ్వవచ్చు. సందేశాలు ఆలస్యంగా వస్తున్నాయని మొత్తం సదుపాయాన్నే తీసేయనక్కర్లేదు.

దీని పరిమితి ముందుచూపు అవసరం కావడమే. రేపు ప్రయాణంలో ఏం చూస్తారో ఈ రాత్రే అనుకోవాలి. దించుకున్న వీడియోలకు చాలా యాప్‌లలో గడువు ఉంటుంది, ఫోన్‌లో ఖాళీ కూడా ఉండాలి. ఆఫ్‌లైన్ మ్యాప్‌లను కూడా అప్పుడప్పుడు వైఫైలో అప్‌డేట్ చేసుకోవాలి.

పెద్ద ప్లాన్

డబ్బు ఆదా గురించిన వ్యాసంలో ఇది ఎందుకని అనిపించవచ్చు. మీ వాడకంలో ఎక్కువ భాగం అప్పటికప్పుడు కావలసిన డేటా అయితే, ఉచిత వైఫైల వెంట వారానికి కొన్ని గంటలు తిరగడం కంటే ఒక మెట్టు పై ప్లాన్ చవక. మారే ముందు రెండు విషయాలు చూడండి: పరిమితి దాటాక వేగం తగ్గుతుందా, లేక అదనపు రుసుము పడుతుందా అన్నది ఒకటి, ఇప్పటి ప్లాన్ మీద నెలలో ఎన్ని రోజుల ముందు డేటా అయిపోతోంది అన్నది మరొకటి. రెండు మూడు రోజుల కొరత అయితే సెట్టింగ్స్ చాలు. సగం నెలకే అయిపోతుంటే ఎంత వైఫై వెతికినా ఆ గండి పూడదు.

ఎవరికి ఏది

ఇంట్లో ఇంటర్నెట్ లేనివారికి గ్రంథాలయం లాంటి పాస్‌వర్డ్ వైఫై ప్రధాన ఆధారంగా, సెట్టింగ్స్ సవరణ దానికి తోడుగా ఉండాలి. వారానికి ఒకటి రెండు రోజులు నిర్ణయించుకుని, కావలసినవాటి జాబితా రాసుకుని వెళ్తే ఆ సమయం బాగా వినియోగమవుతుంది. ఫోన్ సిస్టమ్ అప్‌డేట్‌లు తరచుగా 1 జీబీ దాటుతాయి. భద్రతకు అవి అవసరం కాబట్టి వాటిని ఆ జాబితాలో మొదట పెట్టాలి.

విద్యార్థులు, అధ్యాపకులు తమ సంస్థ ఎడ్యురోమ్‌లో సభ్యురాలా అన్నది మొదట తెలుసుకోవాలి. సభ్యురాలైతే పాఠాల వీడియోలు ప్రాంగణంలోనే దించుకుని, ఇంటికి వెళ్లే దారిలో మొబైల్ డేటాను సందేశాలకే ఉంచవచ్చు.

రోజూ ప్రయాణించేవారికి స్టేషన్ వైఫై ఆశ చూపుతుంది గాని, బండి కదలగానే అది పోతుంది. రాత్రి ఇంటి వైఫైలో దించుకుని, స్టేషన్ వైఫైని మరచిపోయిన ఒకటో రెండో ఫైళ్లకు మాత్రమే ఉంచుకోవడం సుఖం. పొట్టి వీడియోలకు అలవాటు పడ్డవారికి మాత్రం ఈ సలహా పనిచేయదు, ఎందుకంటే వాటిని ఎక్కువగా ముందే దించుకోలేము. ఆ యాప్‌లోని డేటా సేవర్ పెట్టుకోవడం, లేదా ప్లాన్ పెంచడం మాత్రమే దారులు.

విదేశీ ప్రయాణంలో ఉన్నవారికి ఉచిత వైఫై విలువ అన్నిటికంటే ఎక్కువ, ఎందుకంటే రోమింగ్ డేటా ధరలు మామూలు ధరలతో పోలిస్తే చాలా హెచ్చుగా ఉండవచ్చు. బయలుదేరే ముందే వెళ్లే నగరాల మ్యాప్‌లు, అనువాద యాప్ భాషా ఫైళ్లు దించుకుని, డేటా రోమింగ్ ఆపివేయాలి. లాగిన్ పేజీలు కొన్ని స్థానిక ఫోన్ నంబరునే ఒప్పుకుంటాయి, కనుక ఈమెయిల్‌తో లాగిన్ కాగల చోట్లను, బస చేసే చోటి వైఫైని నమ్ముకోవడం మేలు. డేటా రోమింగ్ ఆపినంత మాత్రాన ఎస్ఎంఎస్‌లు ఆగవు. సిమ్ రోమింగ్‌లో పనిచేస్తున్నంతకాలం ఓటీపీలు వస్తాయి. బ్యాంకు పని తప్పనిసరై వైఫై తప్ప వేరే దారి లేకపోతే, బస చేసే చోటి వైఫైలో, బ్యాంకు సొంత యాప్‌లోనే చేయండి. సర్టిఫికెట్ హెచ్చరిక ఏది కనిపించినా అక్కడే ఆపేయండి. ఇలాంటి ప్రయాణాల్లో నమ్మకమైన వీపీఎన్ ఉపయోగపడుతుంది. ఉచిత వీపీఎన్‌ల విషయంలో మాత్రం జాగ్రత్త: వైఫై నిర్వాహకుడికి కనిపించకుండా చేసిన మీ రాకపోకలు ఇప్పుడు వీపీఎన్ నిర్వాహకుడికి కనిపిస్తాయి, అతనెవరో మీకు తెలియకపోవచ్చు.

తక్కువగా వాడే పెద్దవారి ఫోన్లలో సాధారణంగా డేటాను తినేసేది వాట్సాప్ ఆటో డౌన్‌లోడే. దాన్ని ఆపి, అప్‌డేట్‌లను వైఫైకి పరిమితం చేస్తే వారికి పబ్లిక్ వైఫై అవసరమే రాకపోవచ్చు. నకిలీ లాగిన్ పేజీలను గుర్తుపట్టడం కష్టమైనవారికి పబ్లిక్ వైఫైని అలవాటు చేయకపోవడమే సరైనదని నేను అనుకుంటాను.

ఫోన్ హాట్‌స్పాట్‌తో ల్యాప్‌టాప్ మీద పనిచేసేవారి సంగతి వేరు. ల్యాప్‌టాప్ ఆ హాట్‌స్పాట్‌ను మామూలు వైఫైగానే భావించి, అప్‌డేట్‌లు, క్లౌడ్ ఫైళ్ల సమన్వయం నిర్భయంగా మొదలుపెడుతుంది; ఒక్క పూటలో కొన్ని జీబీలు పోవచ్చు. విండోస్‌లో ఆ నెట్‌వర్క్‌ను ‘మీటర్డ్ కనెక్షన్’గా గుర్తుపెడితే ఇది చాలావరకు ఆగుతుంది, మ్యాక్‌లో అయితే ఆ నెట్‌వర్క్‌కు ‘లో డేటా మోడ్’ పెట్టాలి. పెద్ద ఫైళ్ల పనిని గ్రంథాలయ వైఫైకో, కార్యాలయానికో వాయిదా వేసి, వీడియో సమావేశాలకు మాత్రం మొబైల్ డేటానే నమ్ముకోవడం వీరికి కుదిరే పద్ధతి. మధ్యలో లాగిన్ గడువు తీరి సమావేశం తెగిపోవడం కంటే ఆ డేటా ఖర్చే నయం.